మందిరం దస్తావేజు ఎవరి పేరు మీద?

2019 ఫిబ్రవరి 26. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరం. ఫుట్‌బాల్ ఆటకి కట్టిన పెద్ద స్టేడియంలో యునైటెడ్ మెథడిస్టు చర్చి ప్రతినిధులు ఎనిమిది వందల మందికి పైగా కూర్చున్నారు. గే, లెస్బియన్ వ్యక్తుల్ని పాస్టర్లుగా అభిషేకించవచ్చా, వాళ్ల పెళ్లిళ్లు మందిరంలో జరిపించవచ్చా అన్నది తేల్చాలి. ఉన్న నిషేధం ఉండాల్సిందే, ఇంకా బిగించాలి అన్న తీర్మానానికి 438 ఓట్లు పడ్డాయి. వద్దన్నవి 384. ఇంకాసేపు వాదించుకుందామన్నా వీల్లేదు, సాయంత్రం ఆరున్నరకల్లా హాలు ఖాళీ చెయ్యాలి. తర్వాతి బుకింగు మాన్‌స్టర్ ట్రక్కుల పోటీలది. నేల మీద పొయ్యడానికి మట్టి రావాలి. అర్ధశతాబ్దపు వేదాంత వివాదానికి చివరి గంట కొట్టింది అదీ.

ఆ రోజు గెలిచింది సంప్రదాయవాదులు. అయిదేళ్లు తిరిగేసరికి, 2024 మే 1న, అదే చర్చి అదే నిషేధాన్ని 692–51 ఓట్లతో ఎత్తేసింది. ఈలోగా మెథడిస్టులకి కొత్త దర్శనమేదో కలిగి మనసులు మారాయా అంటే, అలాంటి దాఖలా ఏమీ లేదు. మారింది హాల్లో కూర్చున్న మనుషులు. వాళ్లెలా మారారన్నది అర్థం కావాలంటే బైబిలు ఒక్కటే చాలదు, మందిరాల దస్తావేజులు కూడా చదవాలి. నా ఉద్దేశంలో ఈ కథని నడిపింది లేవీయకాండం కన్నా ఆస్తి చట్టమే ఎక్కువ.

ముందు ఈ చర్చి ఎలా పనిచేస్తుందో చూద్దాం. 1968లో డాలస్‌లో రెండు సంఘాలు కలిసి యునైటెడ్ మెథడిస్టు చర్చి అయింది. అమెరికాతోపాటు ఆఫ్రికాలో, ఫిలిప్పీన్స్‌లో, యూరప్‌లో దానికి సంఘాలున్నాయి. పోపులాంటివాళ్లు ఎవరూ లేరు. చర్చి మొత్తం తరఫున మాట్లాడే హక్కు నాలుగేళ్లకోసారి కూడే జనరల్ కాన్ఫరెన్సుకే ఉంది. అందులో సగం మంది పాస్టర్లు, సగం మంది మామూలు సంఘస్థులు. బిషప్పులు అధ్యక్షత వహిస్తారు గాని వాళ్లకి ఓటు లేదు. అక్కడ నెగ్గిన ప్రతిదీ ‘బుక్ ఆఫ్ డిసిప్లిన్’ అనే నియమావళిలోకి ఎక్కుతుంది. అది తప్పితే విచారణ జరుగుతుంది, పాస్టర్లే జ్యూరీగా కూర్చుంటారు. పైకోర్టులాంటి జుడీషియల్ కౌన్సిల్ కూడా ఒకటుంది. న్యాయవ్యవస్థ మొత్తం సొంతంగా కట్టుకున్న మతం ఇది. దావా లేనిదే నిద్రపట్టని ఊళ్లు మనకి తెలియనివేం కాదు.

1972లో అట్లాంటా సభలో సామాజిక సూత్రాల ముసాయిదా ఒకటి చర్చకి వచ్చింది. స్వలింగ ప్రేమికులు కూడా దేవుని దృష్టిలో విలువైన మనుషులే, వాళ్ల హక్కులు కాపాడాలి అని అందులో రాశారు. టెక్సస్ నుంచి వచ్చిన ఒక లాయరు ప్రతినిధి లేచి, ఆ వాక్యానికి ఒక తోక తగిలించమని సవరణ పెట్టాడు. ఆ నడవడికని మాత్రం మేము ఒప్పుకోం, అది క్రైస్తవ బోధకి పొసగదు అన్నది ఆ తోక సారాంశం. సవరణ నెగ్గింది. ముందుభాగం విలువైన మనుషులంటుంది, వెనకభాగం పొసగదంటుంది. ఆ వాక్యాన్నే పట్టుకుని రెండు పక్షాలూ యాభై రెండేళ్లు కొట్లాడాయి. 1984లో గే, లెస్బియన్ అని తామే చెప్పుకుని అలా జీవించేవాళ్లని అభిషేకించకూడదన్న నిబంధన వచ్చింది. 1996లో వాళ్ల పెళ్లిళ్లు జరిపించడం మీద కూడా నిషేధం వేశారు.

ఇరుపక్షాల లేఖన వాదన అందరికీ తెలిసిందే కాబట్టి త్వరగా చెప్పేస్తాను. ఒకరు లేవీయకాండం పద్దెనిమిదో అధ్యాయం, రోమా పత్రిక మొదటి అధ్యాయం చూపిస్తారు. రెండోవాళ్లు యొప్పేలో పేతురుకి కలిగిన దర్శనం చూపిస్తారు, నిషిద్ధమనుకున్నదాన్ని దేవుడే పవిత్రం చేశాడు కదా అంటారు. సంప్రదాయవాదులంతా ద్వేషంతోనే మాట్లాడుతున్నారనడం అన్యాయం. చాలామందికి అది నిజాయితీగా పట్టుకున్న విశ్వాసం. కాకపోతే విడాకుల గురించి యేసు స్వయంగా, చాలా కటువుగా మాట్లాడాడు. ఆ విషయంలో మెథడిస్టులు ఎప్పుడో సర్దుకున్నారు. విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లాడినవాళ్లు పాస్టర్లుగా ఉంటే ఎవరూ స్టేడియాలు బుక్ చెయ్యలేదు.

నిబంధన ఒకటి, అది మనుషుల మీద పడే తీరు ఇంకొకటి. బెత్ స్ట్రౌడ్ ఫిలడెల్ఫియాలో అసోసియేట్ పాస్టరు. 2003లో ఒక ఆదివారం ప్రసంగంలో, తాను లెస్బియన్‌ననీ, తన సహచరితో కలిసి బతుకుతున్నాననీ సంఘానికి చెప్పింది. సంఘం ఆమె వెంటే నిలబడింది. అయినా 2004 డిసెంబరులో విచారణ జరిపి ఆమె పాస్టరు హోదా తీసేశారు. నిబంధన పట్టుకునేది తామే బయటపడి చెప్పుకున్నవాళ్లని. అదే జీవితం గడుపుతూ నోరు మూసుకున్నవాళ్ల జోలికి అది రాదు. ప్రసంగ వేదిక మీద నిజం చెబితేనే శిక్ష పడేలా ఒక చర్చి నియమం రాసుకుందంటే, అది రాసినవాళ్లు కూడా అలా అవుతుందని అనుకుని ఉండరు.

2005లో వివాదం పాస్టర్లని దాటి మామూలు సభ్యుల దాకా వచ్చింది. వర్జీనియాలో ఒక పాస్టరు, గే అన్న కారణంతో ఒకతనికి సంఘ సభ్యత్వం ఇవ్వనన్నాడు. బిషప్పు ఆ పాస్టరుని సెలవు మీద పంపింది. జుడీషియల్ కౌన్సిల్ మాత్రం, ఎవరు సభ్యత్వానికి సిద్ధంగా ఉన్నారో తేల్చే విచక్షణ పాస్టరుదేనంటూ అతన్ని మళ్లీ నిలబెట్టింది. వచ్చి బల్ల మీద కూర్చుని పాటలు పాడొచ్చు, కానుక పళ్లెంలో డబ్బులు వెయ్యొచ్చు, పేరు మాత్రం రిజిస్టరులో ఎక్కదు.

ఫ్రాంక్ షేఫర్ కేసు ఇంకా ఓపికగా చూడదగ్గది. పెన్సిల్వేనియాలో లెబనాన్ అనే ఊళ్లో పాస్టరు. 2007లో మసాచుసెట్స్ వెళ్లి సొంత కొడుకు పెళ్లి ఇంకొక యువకుడితో జరిపించాడు. అక్కడ అది చట్టబద్ధమే. ఫిర్యాదుకి నియమావళి ప్రకారం ఆరేళ్ల గడువుంది. అది ఇంకొన్నాళ్లలో ముగిసిపోతుందనగా, 2013లో, అతని సంఘంలోనివారే ఒకరు ఫిర్యాదు చేశారు. నవంబరులో పదముగ్గురు పాస్టర్ల జ్యూరీ దోషి అని తేల్చి ముప్పై రోజులు సస్పెండు చేసింది. ఆ నెల రోజుల్లో ఆలోచించుకుని, ఇకమీదట నియమావళి మొత్తానికీ కట్టుబడలేనంటే పట్టా తిరిగిచ్చెయ్యాలంది. అతను ఇవ్వనన్నాడు, వాళ్లు తీసేసుకున్నారు. మరుసటి జూన్‌లో అప్పీలు బెంచి ఆ శిక్ష కొట్టేసింది. జరిగిన తప్పుకి శిక్ష వెయ్యొచ్చు గాని, ముందుముందు చేస్తాడేమోనని వెయ్యడం కుదరదంది. జుడీషియల్ కౌన్సిల్ కూడా అదే ఖాయం చేసింది. అంటే కొడుకు పెళ్లి చెయ్యడం తప్పా ఒప్పా అన్నదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అప్పీలు గెలిచింది శిక్ష రాసిన పద్ధతిలోని లోపం మీద.

ఇలాంటి విచారణలు జరిగినకొద్దీ అమెరికా మెథడిస్టుల్లో నిషేధం వద్దనేవాళ్లు పెరిగారు. అయినా ప్రతి సభలోనూ నిషేధమే గెలుస్తూ వచ్చింది. కారణం లెక్కలు. ప్రతినిధుల సంఖ్య సభ్యుల సంఖ్యని బట్టి ఉంటుంది. అమెరికాలో సభ్యులు తరిగిపోతుంటే కాంగోలో, లైబీరియాలో, నైజీరియాలో, ఐవరీ కోస్టులో పెరుగుతున్నారు. 2024 నాటికి ప్రతినిధి స్థానాల్లో దాదాపు మూడోవంతు ఆఫ్రికావి. అమెరికా దక్షిణ రాష్ట్రాల సంప్రదాయవాదులు, ఆఫ్రికా ప్రతినిధులు కలిస్తే మెజారిటీ వాళ్లదే. వందేళ్ల కిందట మిషనరీలు వెళ్లి నేర్పిన పాఠం తిరిగి ఓటు రూపంలో ఇంటికొచ్చింది. పాఠం మార్చుకున్నామని గురువులు చెబితే, మొదట చెప్పిందే మాకు బాగుందని శిష్యులన్నారు. ఇందులో ఆశ్చర్యపోవాల్సింది ఏముంది?

ఇంత పొసగనివాళ్లు ఇన్నేళ్లు ఒకే కప్పు కింద ఎందుకున్నారు? ఇక్కడే దస్తావేజు వస్తుంది. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులోనే ఒక నమూనా దస్తావేజు రాయించాడు. స్థానిక ధర్మకర్తలు అలిగి మందిరానికి తాళం వేసి, కాన్ఫరెన్సు పంపిన బోధకుణ్ణి బయట నిలబెట్టకూడదని అతని జాగ్రత్త. అదే అమెరికాలో ట్రస్టు నిబంధన అయింది. ఊళ్లోవాళ్లు చందాలేసుకుని మందిరం కట్టుకోవచ్చు, రంగులేసుకోవచ్చు, పైకప్పు కారితే బాగుచేయించుకోవచ్చు. ఆస్తి మాత్రం మొత్తం చర్చి తరఫున ట్రస్టులో ఉంటుంది. విశ్వాసం నచ్చకపోతే ఎవరైనా బయటికి పోవచ్చు. మందిరం, శ్మశానం, పార్కింగు స్థలం మాత్రం వెనకే ఉండిపోతాయి. తాతల సమాధులు వదులుకుని పోయేవాళ్లు ఎంతమంది? ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ములు మాట్లాడుకోకపోయినా పొలం పంచుకోలేక ఒకే ఇంట్లో ఉండిపోవడం మనం చూస్తూనే ఉంటాం.

అసలు ఈ చర్చి మొదటి పెద్ద చీలిక కూడా కోర్టులోనే తేలింది. 1844లో జార్జియా బిషప్పు జేమ్స్ ఆండ్రూకి బానిసలున్నారన్న విషయం మీద ఉత్తరాది, దక్షిణాది మెథడిస్టులు విడిపోయారు. తర్వాత పుస్తక ప్రచురణ సంస్థ ఆస్తుల్లో వాటా కోసం దక్షిణాదివాళ్లు వేసిన దావా అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, వాళ్లే గెలిచారు. మళ్లీ కలవడానికి 1939 దాకా పట్టింది. కలిసేటప్పుడు కూడా నల్లజాతి సంఘాల్ని విడిగా ఒక పరిధిలో పెట్టి కలిశారు. అప్పుడు కూడా ఇరుపక్షాల చేతుల్లో ఉన్నది బైబిలే.

మళ్లీ 2019కి వద్దాం. నిషేధం బిగించిన ఆ సభే ఇంకొక చిన్న నిబంధన కూడా పాస్ చేసింది. నియమావళిలో దాని సంఖ్య 2553. ఈ వివాదం కారణంగా మనస్సాక్షి ఒప్పుకోని సంఘం తన ఆస్తితో సహా బయటికి పోవచ్చు. షరతులున్నాయి. సంఘసభకి వచ్చినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. పై సంఘానికి ఏటా కట్టే వాటా రెండేళ్లది చెల్లించాలి. పాస్టర్ల పెన్షను బాకీలో తమ భాగం కట్టాలి. ప్రాంతీయ మహాసభ ఆమోదించాలి. గడువు 2023 డిసెంబరు 31. ఓడినవాళ్లు, అంటే ఉదారవాదులు, అలిగి పోదామనుకుంటే పోనీ అన్న ధోరణిలోనే చాలామంది దీన్ని చూశారు. శతాబ్దాలుగా బిగించి ఉన్న ట్రస్టు నిబంధనకి మొదటిసారి సందు పడింది.

ఉదారవాదులు పోలేదు. ఉండి ఎన్నికల్లో పోటీ చేశారు. 2019 వేసవిలో అమెరికా ప్రాంతీయ మహాసభలు తర్వాతి సభకి ప్రతినిధుల్ని ఎన్నుకున్నప్పుడు నిషేధం వద్దనేవాళ్లు, మధ్యేమార్గం వాళ్లు చాలాచోట్ల గెలిచారు. సెయింట్ లూయిస్‌లో గెలిచినవాళ్లకి సొంత ఊళ్లలో కాళ్ల కింద నేల కదిలింది. 2020 జనవరిలో రెండు పక్షాల నాయకులు కూర్చుని మర్యాదగా విడిపోదామని ఒప్పందం రాసుకున్నారు. మధ్యవర్తి కెన్నెత్ ఫైన్‌బర్గ్, సెప్టెంబరు 11 దాడుల బాధితులకి పరిహారం పంచిన లాయరు. కొత్తగా పెట్టుకునే సంప్రదాయ సంఘానికి రెండున్నర కోట్ల డాలర్లు ఇచ్చి సాగనంపాలన్నది అందులో ఒక అంశం. అది సభలో నెగ్గాలి. సభ 2020 మేలో జరగాలి. కోవిడ్ వచ్చింది. 2021కి వాయిదా, 2022కి వాయిదా, చివరికి 2024. సంప్రదాయవాదులకి ఓపిక పోయి 2022 మే 1న గ్లోబల్ మెథడిస్టు చర్చి అని సొంతంగా మొదలుపెట్టారు. ఒప్పందం చిత్తుకాగితమైంది. మిగిలింది 2553.

ఇక ప్రతి ఊళ్లో ఓట్లు మొదలయ్యాయి. హాజరైనవాళ్లలో మూడింట రెండు వంతులన్న షరతు తమాషా పని చేసింది. క్రిస్మస్‌కి, ఈస్టరుకి తప్ప కనపడనివాళ్లని రెండు పక్షాలూ వెతికి పట్టుకొచ్చాయి. అరవై శాతం మంది పోదామన్న సంఘంలో ఎవరి కోరికా తీరలేదు. ఎక్కువమంది ఓడిపోయారు, తక్కువమంది గెలిచి కూడా ఖాళీ బల్లల మధ్య మిగిలారు. గెలిచిన సంఘాలు బోర్డు మీద ‘యునైటెడ్’ అన్న మాట చెరిపేసి, సిలువా మంటా ఉన్న పాత చిహ్నం దించేశాయి. డాలస్, అట్లాంటా శివార్లలో ఉండే తెలుగువాళ్లలో చాలామంది ఈ చెరిపేసిన బోర్డుల ముందునుంచే పిల్లల్ని బడికి తీసుకెళ్లి ఉంటారు. ఎక్కువ సంఘాలు పోయింది ఆ దక్షిణ రాష్ట్రాలనుంచే. గడువు ముగిసేసరికి బయటికి పోయినవి 7,600కి పైగా, అంటే అమెరికాలోని సంఘాల్లో నాలుగోవంతు. నిషేధం గెలిపించుకున్నవాళ్లే దాన్ని కాపాడే ఓట్లు మూటగట్టుకుని వెళ్లిపోయారు.

లూథరన్లతో పోల్చి చూస్తే ఇది ఇంకా తెలుస్తుంది. మన గుంటూరు ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘానికి మూలం అమెరికన్ లూథరన్ మిషనే. 1842లో ఫాదర్ హయ్యరు వచ్చింది అక్కడనుంచే. అమెరికాలో ఆ సంప్రదాయపు పెద్ద సంఘం 2009 ఆగస్టులో మినియాపొలిస్‌లో కూడి, జీవిత సహచరులున్న గే, లెస్బియన్ పాస్టర్లని అనుమతించింది. లైంగికత మీద విధాన పత్రానికి మూడింట రెండు వంతులు కావాలి. 1,014 ఓట్లలో వచ్చినవి 676. ఒక్కటి తగ్గితే ఓడిపోయేది. ఆ రోజే సుడిగాలి వచ్చి పక్కనున్న లూథరన్ మందిరం శిఖరాన్ని దెబ్బతీసింది. అది దేవుని హెచ్చరిక అని కొందరు రాశారు. ఒక్క ఓటు కూడా తగ్గకుండా చూసిందెవరో వాళ్లు రాయలేదు. అక్కడ మందిరాల ఆస్తి సాధారణంగా స్థానిక సంఘానిదే, పోవాలంటే నియమావళిలో ముందునుంచీ దారి ఉంది. పదివేలకి పైగా ఉన్న సంఘాల్లో మొదటి రెండేళ్లలో పోయినవి ఆరేడు వందలు. గేటు ఎప్పుడూ తీసి ఉన్నచోట తొక్కిసలాట తక్కువ.

2024 ఏప్రిల్ చివర్లో షార్లట్ నగరంలో మెథడిస్టు సభ కూడింది. కొంతమంది ఆఫ్రికా ప్రతినిధులకి ఆహ్వాన పత్రాలు వేళకి అందలేదు, కొంతమందికి వీసాలు రాలేదు. అమెరికా వీసా సంగతి తెలుగు పాఠకులకి నేను విడమర్చి చెప్పనక్కర్లేదు. వాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే, అయితే వాళ్లంతా వచ్చినా 692–51 తేడా పూడేది కాదు. ముందుగా ఒక్కొక్క ప్రాంతం తన నియమాలు తానే రాసుకోవచ్చన్న సవరణ నెగ్గింది, ఆఫ్రికా సంఘాలు తమ పద్ధతి తాము ఉంచుకోవచ్చని భరోసా వచ్చింది. తర్వాత అభిషేకం మీది నిషేధం ఎత్తెయ్యడం ఇంకొన్ని పిటిషన్లతో కలిపి, ఏకాభిప్రాయ జాబితాలో పెట్టేశారు. చర్చ లేదు, ప్రసంగాలు లేవు. యాభై రెండేళ్లు గొంతులు పోయేలా అరుచుకున్న విషయం, మినిట్స్ ఆమోదించినట్టు నెగ్గిపోయింది. ఆ తర్వాత మాత్రం చాలామంది ఏడ్చారు, పాటలు పాడారు.

పెళ్లి నిర్వచనం మీద సవరణ జింబాబ్వే ప్రతినిధి ఒకామె పెట్టారు. పెళ్లంటే వయసొచ్చిన స్త్రీపురుషుల మధ్య నిబంధన, లేదా వయసొచ్చిన ఇద్దరు వ్యక్తుల మధ్య నిబంధన అని. ఆ ‘లేదా’కి అటు హరారే, ఇటు శాన్ ఫ్రాన్సిస్కో. ఇలాంటి పెళ్లి జరిపించమని ఏ పాస్టరునీ బలవంతం చెయ్యరు, జరిపిస్తే శిక్షించరు. ఆ మే నెలలోనే తూర్పు పెన్సిల్వేనియా మహాసభ పాస్టర్లు బెత్ స్ట్రౌడ్‌ని తిరిగి తీసుకున్నారు. ఇరవై ఏళ్లు గడిచాయి, ఆమె ఈలోగా మతచరిత్ర పాఠాలు చెప్పుకుంటూ బతికింది.

అందరూ ఉండిపోలేదు. పదిలక్షలకి పైగా సభ్యులున్నామని చెప్పుకునే ఐవరీ కోస్టు సంఘం మే 28నే బయటికి పోయింది. నైజీరియాలో చీలిక వీధుల్లోకి వచ్చింది, డిసెంబరులో ఒక గ్రామంలో రెండు వర్గాల ఘర్షణలో ఇళ్లు తగలబడి పసిపిల్లలతో సహా ప్రాణాలు పోయాయి. నైజీరియాలో స్వలింగ వివాహం నేరం. అక్కడ ఏ మెథడిస్టు మందిరంలోనూ అలాంటి పెళ్లి జరగబోవడం లేదు. జరగని పెళ్లి కోసం చచ్చిపోయారు. అసలు తగాదా మందిరాలు, బడులు ఎవరి చేతిలో ఉండాలన్నది.

ఈ ఓట్లలో మన మెథడిస్టులకి పాత్ర లేదు. హైదరాబాదులో అమెరికన్ మెథడిస్టులు నాటిన సంఘాలు 1981లో మెథడిస్టు చర్చి ఇన్ ఇండియా పేరుతో స్వతంత్రమయ్యాయి. మెదక్ మందిరం కట్టింది బ్రిటిష్ మెథడిస్టులు, ఆ సంఘాలు 1947లోనే సి.ఎస్.ఐ.లో కలిశాయి. ఆ బ్రిటిష్ మెథడిస్టు చర్చి 2021లో స్వలింగ వివాహాలని 254–46 ఓట్లతో ఒప్పుకుంది. ఒప్పుకోని పాస్టర్లకి, సంఘాలకి ఒప్పుకోకుండా ఉండే హక్కు అందులోనే రాసింది. కొంతమంది పోయారు గాని అమెరికాలోలా నాలుగోవంతు కూలిపోలేదు. మన దేశంలో ఈ ప్రశ్న మందిరం గుమ్మం దాకా ఇంకా రాలేదు. హైదరాబాదుకి చెందిన సుప్రియో, అభయ్ జంట పెళ్లి హక్కు కోసం వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న అది పార్లమెంటు తేల్చాల్సిందంది. అది తేలేదాకా మన సంఘాలకి ఈ తలనొప్పి లేదు. ఆస్తి కేసులంటారా, వాటికి మనకి వేరే కారణాలు ఎప్పుడూ చాలినన్ని ఉన్నాయి.

బయటికి వచ్చినవాళ్లు పెట్టుకున్న గ్లోబల్ మెథడిస్టు చర్చి నియమావళిలో ట్రస్టు నిబంధన లేదు. ఏ సంఘం మందిరం ఆ సంఘానిదే, నచ్చకపోతే తాళంచెవులతో సహా పోవచ్చు. వాళ్ల మొదటి జనరల్ కాన్ఫరెన్సు 2024 సెప్టెంబరులో కోస్టా రికాలో జరిగింది. గే, లెస్బియన్ల ప్రస్తావన మీద అక్కడ తగాదా లేదు, అందరిదీ ఒకటే మాట. బిషప్పులకి ఎంత అధికారం ఇవ్వాలి, ఎన్నేళ్లు ఉంచాలి అన్నదాని మీద మాత్రం గట్టిగానే వాదించుకున్నారు.